బొమ్మల నోట్సుకు ట్యాబ్ కొంటున్నారా? ముందు పెన్ను సంగతి చూడండి

మా అక్క కూతురు శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు ట్యాబ్‌లో బొమ్మలేసుకుంటూ నోట్సు రాస్తావు కదా, నాక్కూడా ఒకటి కావాలి, ఏది కొనమంటావ్?" అంది. వెనక నుంచి మా అక్క గొంతు వినిపించింది: "ఏటే, బొమ్మలేసుకోడానికి నలభై వేలా?" ఇద్దరి ప్రశ్నా న్యాయమైనదే. ఆ రోజు గంటసేపు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. విజయనగరంలో మా కాలేజీలో కూడా ఏటా పిల్లలు ఇదే అడుగుతుంటారు, అందులో సగం మంది అప్పటికే ఏదో ఒకటి కొనేసి, "మేడమ్, దీని మీద పెన్ను సరిగా రాయట్లేదు" అని పట్టుకొస్తారు. అప్పుడు చెప్పడానికి ఏమీ మిగలదు, అందుకే కొనకముందు చదవండి.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. బొమ్మల నోట్సు అంటే చక్కటి డ్రాయింగ్ కాదు, పాఠం వింటూనే ముఖ్యమైన మాట పెద్దగా రాసి, దాని పక్కన చిన్న బొమ్మ గీసి, దేని నుంచి ఏది వస్తుందో బాణం వేసి, ఒక పేజీలో ఆ పాఠం ఆకారం కనబడేలా పెట్టుకోవడం. స్కెచ్‌నోట్స్ అని వెతికితే బోలెడు నమూనాలు దొరుకుతాయి. "నాకు బొమ్మలు రావు మేడమ్" అని వెనక్కి తగ్గేవాళ్లకు ఒక్క మాట. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఊరికే రాసిన మాటల కంటే బొమ్మ గీసిన మాటలే జనానికి ఎక్కువగా గుర్తున్నాయి, ఒక్కో మాటకు నాలుగు సెకన్లే టైమిచ్చినా అంతే, బొమ్మ బాగా వచ్చిందా లేదా అన్నదానితో పెద్దగా పని లేకపోయింది. గుండెను గుండెలా గీయక్కర్లేదు, నాలుగు గదుల పెట్టె గీసి బాణాలు పెడితే చాలు. నా పేజీల్లో ఇప్పటికీ మనిషంటే ఒక గుండ్రం, ఒక గీత.

అయితే డబ్బు పెట్టేముందు కాగితం సంగతి తేల్చుకోవాలి. గీతలు లేని తెల్ల నోట్‌బుక్, ఒక నల్ల జెల్ పెన్ను, ఒక హైలైటర్, ఇంటికొచ్చాక ఫోన్‌లో గూగుల్ డ్రైవ్ స్కానర్‌తో పేజీని ఫోటో తీసి పీడీఎఫ్ చేసుకోవడం, మొత్తం రెండు మూడు వందల్లో అయిపోతుంది. ఇంతకుముందు ఎప్పుడూ బొమ్మల నోట్సు రాయనివాళ్లు ముందు ఒక నెల ఇలా రాయండి, ఇది నేను గట్టిగా చెప్తాను. నెల తర్వాత నోట్‌బుక్ సగమైనా నిండకపోతే ట్యాబ్ కొన్నా అది సినిమాలు చూడటానికే పోతుంది. నిండితే మాత్రం, ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డారో మీకే తెలుస్తుంది: పేజీ చివర జాగా చాలలేదు, తప్పు కొట్టేస్తే పేజీ అంతా మురికిగా ఉంది, అదే కిడ్నీ బొమ్మ నాలుగోసారి గీయాల్సి వచ్చింది, సార్ ముందు చెప్పాల్సింది చివర చెప్పారు. ట్యాబ్ తీర్చేది సరిగ్గా ఈ ఇబ్బందుల్నే. గీసినదాన్ని చుట్టి పట్టుకుని పక్కకు జరపొచ్చు, చిన్నది చేయొచ్చు, కాపీ తీసి వేరే పేజీలో పెట్టుకోవచ్చు, మేడమ్ ఇచ్చిన పీడీఎఫ్ మీదే రాసుకోవచ్చు. అంతకుమించి ట్యాబ్ వల్ల బొమ్మలు వాటంతటవే రావు.

సరే, కొనాలనే నిర్ణయించుకున్నారు అనుకుందాం. షాపుకెళ్లగానే అందరూ చూసేది తెర ఎన్ని అంగుళాలు, ర్యామ్ ఎంత, కెమెరా ఎంత. నోట్సుకు ఇవన్నీ తర్వాతి మాట. ముందు పెన్ను, ఆ తర్వాత తెర, అన్నిటికంటే చివర యాప్. ఎందుకంటే యాప్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, పెన్ను మాత్రం ట్యాబ్‌తో ముడిపడి ఉంటుంది, ఒకసారి కొన్నాక దాంతోనే కాపురం.

పెన్నుల్లో మూడు జాతులున్నాయి. మొదటిది రబ్బరు మొన గానీ పారదర్శకమైన చిన్న బిళ్ల గానీ ఉన్న చవక పెన్ను. ట్యాబ్ దృష్టిలో అది పెన్ను కాదు, ఇంకో వేలు మాత్రమే. కాబట్టి మీ అరచెయ్యి తెరకు ఆనితే అక్కడా గీత పడుతుంది, చెయ్యి గాల్లో పెట్టుకుని గంట క్లాసు రాయాలి, మణికట్టు లాగేస్తుంది. నేను మొదట చేసిన తప్పు ఇదే. అన్ని ట్యాబ్‌లకూ పనిచేస్తుందని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో పన్నెండొందలు పెట్టి కొన్నాను, వారం రోజులు తంటాలు పడ్డాను, "స్త్రీ" అని రాస్తే త వత్తు, ర వత్తు రెండూ కలిసి ఒక ముద్దయ్యేవి, చివరికి అది మా అబ్బాయి ఆటలకు పోయింది. దీనికి వంద రూపాయలు కూడా దండగ.

రెండోది ఈఎమ్‌ఆర్ అనే పద్ధతి, సామ్‌సంగ్ ఎస్ పెన్, వాకమ్ వాళ్ల పెన్నులు ఈ రకం. తెర కింద సన్నటి తీగల పొర ఒకటి ఉంటుంది, అది పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్ను లోపలున్న చిన్న తీగచుట్టకు కావాల్సిన కరెంటు అందుతుంది. అంటే రాయడానికి పెన్నులో బ్యాటరీ అక్కర్లేదు, చార్జింగ్ అనే మాటే లేదు. పెన్ను దగ్గరికి రాగానే ట్యాబ్ గుర్తుపట్టి అరచేతిని పట్టించుకోవడం మానేస్తుంది. మూడోది ఆపిల్ పెన్సిల్ లాంటివి, షావోమీ, వన్‌ప్లస్ ట్యాబ్‌లకు విడిగా అమ్మే పెన్నులు కూడా ఇలాంటివే: లోపల బ్యాటరీ ఉంటుంది, రాత చాలా బాగుంటుంది, కానీ చార్జింగ్ మీరు గుర్తుపెట్టుకోవాలి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరి పెన్ను వేసవి సెలవులంతా డ్రాయర్లో ఉండిపోయింది, జూన్‌లో తీసి పెడితే ఇక చార్జింగ్ ఎక్కనే లేదు. వేల రూపాయల వస్తువు కదా, ఆవిడ బాధ చూస్తే నాకే మనసు బాగోలేదు. రోజూ వాడేవాళ్లకు ఈ సమస్య రాదు, నెలకోసారి తీసేవాళ్లు మాత్రం రెండో రకానికే వెళ్లండి.

ఇక్కడ ఒత్తిడి సంగతి చెప్పాలి. అంటే పెన్ను గట్టిగా నొక్కితే గీత లావుగా, తేలిగ్గా పెడితే సన్నగా రావడం. వీడియోల్లో అందరూ ఇది లేకపోతే పెన్నే కాదన్నట్టు చెప్తారు. ఆర్టిస్టులకు అది నిజం. మన పనికి నా అభిప్రాయం వేరు. ఇంగ్లీషు కర్సివ్‌లో లావు సన్నం ఉంటే అందం వస్తుంది గానీ తెలుగు అక్షరం అంతా గుండ్రాలూ మెలికలే, మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటేనే చదవడానికి బాగుంటుంది. ఒత్తిడి పనిచేసే బ్రష్‌తో "ళ" రాసి చూడండి, మెలిక దగ్గర లావెక్కి లోపలి కన్ను పూడుకుపోతుంది. నేను ఒత్తిడి ఉన్న పెన్నుతోనే ఆరు నెలలుగా దాన్ని ఆపేసి, ఒకే మందం బ్రష్‌తో రాస్తున్నాను. అందుకే 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్‌లో ఒత్తిడి లేదని దాన్ని తీసిపారేయక్కర్లేదు, నోట్సుకు అది సరిపోతుంది. మన అక్షరాలకు అంతకంటే ముఖ్యమైనది మొన సన్నదనం, గీత సరిగ్గా మొన కిందే పడటం.

ఆ గీత సంగతి తెరను బట్టి ఉంటుంది. కొన్ని ట్యాబ్‌లలో పైనున్న గాజుకూ కింద బొమ్మ కనబడే పొరకూ మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది, మామూలు ఐప్యాడ్‌లో అలాగే ఉంటుంది. ఐప్యాడ్ ఎయిర్‌లో ఆ రెండూ అతికించి ఉంటాయి. సందున్న తెర మీద పెన్ను ఒకచోట, గీత దానికి కొంచెం కిందో పక్కనో పడినట్టు అనిపిస్తుంది, తట్టినప్పుడు డొల్ల చప్పుడు కూడా వస్తుంది. బొమ్మలకు పర్లేదు, వారంలో అలవాటవుతుంది కూడా. కానీ అక్షరం కింద వత్తు పెట్టేచోట ఈ తేడా తెలుస్తుంది. షాపులో సేల్స్ కుర్రాడు ఏవో వీడియోలు చూపిస్తుంటే ఆపమని, నోట్స్ యాప్ తెరిపించి, అరచెయ్యి తెరకు ఆనించి, మీ మామూలు సైజులో "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ" అని మూడు మాటలు వేగంగా రాయండి. వత్తులు విడివిడిగా కనబడ్డాయా, రాసేటప్పుడు గీత పెన్ను వెనకాల ఈడ్చుకొస్తోందా, చెయ్యి ఆనిన చోట చుక్కలు పడ్డాయా, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. "నైస్", "హలో" అని రాసి చూసి కొనకండి.

ఇప్పుడు అసలు పోలిక. సామ్‌సంగ్‌లో ఎస్ పెన్ డబ్బాలోనే ఇచ్చే మోడళ్లున్నాయి: 2020లో వచ్చి తర్వాత కొత్త రూపాల్లో కూడా వచ్చిన ట్యాబ్ ఎస్6 లైట్, 2023లో వచ్చిన ఎస్9 ఎఫ్‌ఈ, ఆ వరుసలో తర్వాతివి. ఎస్6 లైట్ మొదట్లో 27,999 రూపాయలకు వచ్చింది, ఎస్9 ఎఫ్‌ఈ 36,999కి. పండగ సేల్స్‌లో ఇంకా తగ్గుతుంటాయి. పెన్నుకు వేరే ఖర్చు లేదు, చార్జింగ్ లేదు, ట్యాబ్‌కు అయస్కాంతంతో అతుక్కుంటుంది. ఎస్9 ఎఫ్‌ఈకి నీళ్లు పడినా తట్టుకునే ఐపీ68 రక్షణ కూడా ఉంది, వానాకాలంలో బస్సుల్లో తిరిగే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, పేరు సరిగ్గా చూసుకోండి. ట్యాబ్ ఏ9, ఏ9 ప్లస్ చూడ్డానికి ఇవే లాగుంటాయి, చవక కూడా, కానీ వాటి మీద ఎస్ పెన్ పనిచేయదు. మా కాలేజీకి పట్టుకొచ్చి ఏడ్చినంత పని చేసిన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడ్డారు.

ఐప్యాడ్ విషయానికొస్తే, 2025 మార్చిలో వచ్చిన మామూలు ఐప్యాడ్ 34,900 దగ్గర మొదలైంది, అది చూసి "సామ్‌సంగ్ ధరే కదా" అనుకుంటారు. దాని మీద పెన్సిల్ వేరే: యూఎస్‌బీ-సీ పెన్సిల్ 7,900. అంటే నలభై రెండు వేలు దాటింది, కవర్ ఇంకా కొనలేదు. పైగా ఏ పెన్సిల్ దేనికి పనిచేస్తుందో అనేది పెద్ద చిక్కుముడి. ఈ మామూలు ఐప్యాడ్‌కు మొదటి తరం పెన్సిల్, యూఎస్‌బీ-సీ పెన్సిల్ మాత్రమే పనిచేస్తాయి, రెండో తరందీ పనిచేయదు, పెన్సిల్ ప్రో కూడా పనిచేయదు. మొదటి తరందాన్ని దీనికి కలపాలంటే మధ్యలో ఒక చిన్న అడాప్టర్ ముక్క కావాలి. ఎవరో స్నేహితుడు తన పాత పెన్సిల్ సగం ధరకు ఇస్తానంటే, అది మీ ఐప్యాడ్‌కు పడుతుందో లేదో ముందు చూసుకోండి. ఇంత చెప్పినా, ఐప్యాడ్‌లో చేత్తో గీయడానికి ఉన్న యాప్‌లు ఎక్కువ, బాగా నిలకడగా పనిచేస్తాయి, పాత ఐప్యాడ్‌లకు కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తుంటాయి. ఐదారేళ్లు వాడాలి, నోట్సుతో పాటు బొమ్మలు కూడా సీరియస్‌గా వేస్తాను అనుకునేవాళ్లు, డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు అతికించిన తెరున్న ఎయిర్‌కు పెన్సిల్ ప్రో పెట్టుకుంటే ఇక వెనక్కి చూడక్కర్లేదు. కానీ అది నోట్సు కోసమే అయితే ఎక్కువ ఖర్చు, ఆ మాట దాచకుండా చెప్తున్నాను.

షావోమీ, వన్‌ప్లస్ ట్యాబ్‌లు తెర బాగుంటుంది, వేగంగా ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వీటితో చిక్కు పెన్ను దగ్గరే. విడిగా కొనాలి, ఒక్కోసారి స్టాక్ ఉండదు, ఈ మోడల్‌కు ఆ పెన్ను, ఆ మోడల్‌కు ఇంకోటి. ట్యాబ్, పెన్ను ఒకే రోజు, ఒకే చోట చేతికి దొరికితేనే తీసుకోండి. పెన్ను తర్వాత కొందాంలే అని ట్యాబ్ మాత్రం తెచ్చుకుంటే ఆ తర్వాత రానే రాదు. ఇంకో మాట, ఏ కంపెనీదైనా సరే, రిపేరు వస్తే విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చూస్తారా, విశాఖ తీసుకెళ్లాలా అని కొనేటప్పుడే అడగండి. పెన్ను మొనలు అరిగిపోతాయి, మార్చే మొనలు ఎక్కడ దొరుకుతాయో కూడా అడగండి. కాగితంలా గరుగ్గా ఉంటుందని మ్యాట్ గార్డ్ వేయించుకుంటే రాతకు హాయిగా ఉంటుంది, కానీ మొన త్వరగా అరుగుతుంది, తెర కొంచెం మసకబారుతుంది.

తెర లేని పెన్ ట్యాబ్లెట్లు కూడా ఉన్నాయి, నల్లటి పలక లాంటివి, కంప్యూటర్‌కు తగిలించి పలక మీద గీస్తూ మానిటర్‌లో చూడాలి. ఇంట్లో కంప్యూటర్ ఉండి, ఆన్‌లైన్ క్లాసులు చెప్పే టీచర్లకు మూడు నాలుగు వేలలో ఇంతకంటే మంచి బేరం లేదు. చెయ్యొకచోట, చూపొకచోట ఉండటం మొదటి రెండు వారాలు చిరాగ్గా ఉంటుంది, తర్వాత పోతుంది. కానీ క్లాసులో కూర్చుని వింటూ రాసేవాళ్లకు ఇది పనికిరాదు. ఇక ఇ-ఇంక్ తెరల రైటింగ్ ట్యాబ్‌లు, అవి కంటికి చల్లగా ఉంటాయి, ఎండలో కూడా కాగితంలా కనబడతాయి, బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. చాలావాటిలో రంగులు ఉండవు, జూమ్ చేయడం, జరపడం మెల్లగా ఉంటుంది. అక్షరాలే ఎక్కువ రాసేవాళ్లకు సరే, బొమ్మల నోట్సుకు నేను చెప్పను.

ఎండ అన్నాను కాబట్టి పొందూరు సంగతి చెప్తాను. పిల్లల ప్రాజెక్టు కోసం ఖాదీ ఎలా తయారవుతుందో చూసి రాసుకుందామని పోయిన చలికాలం వెళ్లాను. అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని కొండపత్తి దువ్వుతోంది, చేతిలో వాలుగ చేప దవడ. అరచేతిలో ఇమిడిపోయే ఎముక, లోపలి వైపు కళ్లకు ఆనీ ఆనని సన్నటి పళ్లు. గింజతో ఉన్న పత్తిని దాని మీద లాగుతుంటే చెత్త రాలిపోయి, దారాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి, గింజ చుట్టూ చిన్న తెల్ల గొడుగులా విచ్చుకుంటోంది. ఉత్సాహంగా ట్యాబ్ తీశాను. పదకొండు గంటల ఎండ, తెర మీద నా ముఖమూ, వెనకున్న చూరూ తప్ప ఏమీ కనబడలేదు. వెలుతురు పూర్తిగా పెంచి, చెయ్యి అడ్డం పెట్టి రెండు గీతలు గీసేసరికి ఆవిడ పని ఆపేసి నన్నే చూడటం మొదలుపెట్టింది, "అదేటమ్మా, ఫోటో తీస్తన్నావా?" అంది. ట్యాబ్ సంచిలో పెట్టేసి చిన్న నోట్‌బుక్ తీశాను. ఆవిడ మళ్లీ పనిలో పడింది, నేను దవడ ఆకారం, వేళ్లు దాన్ని పట్టుకున్న తీరు, పత్తి కదిలే దిక్కు గబగబా గీసుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కాగితాన్ని ఫోటో తీసి, ట్యాబ్‌లో అడుగు పొరగా పెట్టి, దాన్ని కొంచెం మసక చేసి, పైన ఇంకో పొర మీద నీటుగా గీసుకున్నాను: పత్తికాయ, దవడ, ఏకు, రాట్నం, నూలు, మగ్గం, వరుసగా బాణాలతో. ఆ పేజీనే ఇప్పుడు క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపిస్తున్నాను. అందుకే ఊళ్లు తిరిగి మనుషులతో మాట్లాడి రాసుకునేవాళ్లకు, ఆశా వర్కర్లు, విలేకరులు, సర్వే చేసేవాళ్లు, చెప్పేదొకటే: చేతిలో కాగితం ఉండనివ్వండి, ట్యాబ్ ఇంట్లో ఉండనివ్వండి. అర కిలో బరువున్న గాజుపలక ఎదుటి మనిషికీ మీకూ మధ్యన అడ్డంగా ఉంటుంది.

యాప్‌ల దగ్గర జనం వారాలు గడిపేస్తారు, నిజానికి తేల్చుకోవాల్సింది ఒకటే: మీకు పేజీ కావాలా, అంతులేని గోడ కావాలా. పేజీ అంటే ఏ4 సైజు, అయిపోతే ఇంకో పేజీ. సామ్‌సంగ్ నోట్స్ అలాంటిదే, ఉచితం, పీడీఎఫ్ మీద రాసుకోవచ్చు, రాస్తూ క్లాసు రికార్డు చేసుకోవచ్చు, తర్వాత వింటుంటే ఆ టైమ్‌కు ఏం రాశారో చూపిస్తుంది. రికార్డు చేసేముందు చెప్పేవాళ్లను అడగండి, అది మర్యాద. ఐప్యాడ్‌లో గుడ్‌నోట్స్, నోటబిలిటీ ఇలాంటివే, వాటిని పూర్తిగా వాడుకోవాలంటే డబ్బు కట్టాల్సి ఉంటుంది, ఆపిల్ వాళ్ల సొంత నోట్స్ ఉచితం. గోడ అంటే ఎటు పోతే అటు పెరిగే కాగితం: కాన్సెప్ట్స్, ఐప్యాడ్‌లో ఉచితంగా వచ్చే ఫ్రీఫామ్, ఎక్కడైనా దొరికే వన్‌నోట్. వంశవృక్షం, ఒక పెద్ద పుస్తకం సారాంశం, నెలల తరబడి పెరిగే ప్రాజెక్టు, వీటికి గోడ బాగుంటుంది. పరీక్షలకు చదివే పిల్లలకు మాత్రం నేను పేజీనే చెప్తాను, దానికి కారణం గంటస్తంభం దగ్గర జెరాక్స్ షాపు. పరీక్ష ముందు అందరూ ప్రింటు తీస్తారు, నలుగురికి పంచుతారు. గోడ మీద రాసింది ఏ4లో పెడితే అక్షరాలు చీమల్లా వస్తాయి. అలాగే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు తెర మీద ఎంత అందంగా ఉన్నా ప్రింటులో ఇంకు తాగేసి ముద్దగా వస్తుంది, పసుపు రంగుతో రాసింది బ్లాక్ అండ్ వైట్‌లో మాయమైపోతుంది. తెల్ల పేజీ, నల్ల రాత, ముదురు నీలం, ఇటుక ఎరుపు, అంతే పెట్టుకోండి.

ప్రొక్రియేట్ గురించి అడగనివాళ్లు లేరు. ఐప్యాడ్‌లో మాత్రమే ఉంటుంది, ఒకసారి డబ్బు కడితే నెలనెలా కట్టక్కర్లేదు, బొమ్మలకు అద్భుతమైనది, గీసిన క్రమమంతా దానంతటదే వీడియోగా రికార్డవుతుంది. కానీ అది బొమ్మల యాప్, నోట్‌బుక్ కాదు. ముప్పై పాఠాల నోట్సు అందులో పెడితే వెతుక్కోవడమే పనవుతుంది, గీసింది బాగా పెద్దది చేస్తే మసకబారుతుంది, కాన్వాస్ పెద్దదైన కొద్దీ పొరల సంఖ్య తగ్గుతుంది. ఒకే ఒక్క పేజీని పోస్టర్‌లా తీర్చిదిద్దాలంటే అది తెరవండి, రోజువారీ క్లాసుకు మామూలు నోట్స్ యాప్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో పోస్టర్ పనికి ఇన్ఫినిట్ పెయింటర్ ఉంది, డబ్బు పెట్టలేనివాళ్లకు స్కెచ్‌బుక్, క్రిటా ఉన్నాయి. ఏ యాప్ అయినా నెలకోసారి పేజీలన్నీ పీడీఎఫ్‌గా తీసి డ్రైవ్‌లో పెట్టుకోండి. రెండేళ్లు నేను నమ్ముకున్న ఒక యాప్ ఉన్నట్టుండి నెలవారీ ఫీజుకు మారింది, నా పాత పేజీలు తెరవాలన్నా డబ్బు అడిగింది. డెబ్బై పేజీలకు పైగా మళ్లీ స్క్రీన్‌షాట్లు తీసుకోవాల్సి వచ్చింది, ఆ ఆదివారం నేను మర్చిపోను. ఇంకోటి, మన చేతిరాత తెలుగును యాప్ వెతికిపెడుతుందని నమ్ముకోకండి, ప్రతి పేజీకి పేరు టైప్ చేయండి.

గీతను దానంతటదే నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి దాదాపు అన్ని బొమ్మల యాప్‌లలో ఉంటుంది. వణుకు పోతుందని అందరూ దాన్ని పూర్తిగా పెంచేస్తారు. పెద్ద గుండ్రాలకు, బాణాలకు మంచిదే, తెలుగు రాతకు మాత్రం తలకట్టు కొసను, చిన్న వత్తు మలుపును అది కోసేస్తుంది, "ప" వెళ్లి "వ"లా కనబడుతుంది. రాతకు ఒక బ్రష్, దాన్లో ఈ సెట్టింగ్ బాగా తక్కువ, బొమ్మకు ఇంకో బ్రష్, దాన్లో ఎక్కువ, ఇలా రెండు పెట్టుకుంటే చాలు. రంగు అడుగు పొరలో, బొమ్మ మధ్యలో, రాత పైన. పేజీ ఎలా మొదలుపెట్టాలో తోచనివాళ్లు సీతంపేట వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు ఒకసారి చూడండి, ముందు ఇంటిలా ఒక చట్రం గీసి, దాని లోపలే మనుషులు, జంతువులు, చెట్లు దేని చోట దాన్ని పెడతారు, కథంతా ఆ చట్రంలో సర్దుకుంటుంది. నేను పాఠం మొదలవకముందే పేజీలో ఒక చట్రం, మధ్యలో పాఠం పేరు రాసుకుని కూర్చుంటాను, మిగిలింది వింటుంటే దాని చోట అది పడుతుంది.

కాబట్టి మా అక్క కూతురికి చెప్పింది ఇది. నీ బడ్జెట్ ముప్పై అయిదు లోపు, రోజూ క్లాసు ఉంది, మధ్యమధ్య పల్లెల్లో పోస్టింగులు పడతాయి, పెన్ను పోగొట్టుకునే అలవాటు నీకుంది. ఎస్ పెన్ డబ్బాలో వచ్చే సామ్‌సంగ్ తీసుకో, మిగిలిన డబ్బుతో పెన్ను దాచుకునే జేబున్న కవర్ కొనుక్కో, మొదటి నెల సామ్‌సంగ్ నోట్స్ తప్ప ఇంకేదీ పెట్టకు. అదే తను ఆర్కిటెక్చర్ చదువుతుంటే ఐప్యాడ్ చెప్పేదాన్ని, ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో పాఠాలు చెప్తానంటే మూడు వేల పెన్ ట్యాబ్లెట్ చెప్పేదాన్ని, గ్రూప్స్‌కు ఒంటరిగా చదువుకుంటూ పుస్తకాల నుంచి రాసుకునేదైతే ఇంకో ఏడాది కాగితమే చాలు అనేదాన్ని.

తీసుకుంది. వారం తర్వాత మొదటి పేజీ వాట్సాప్‌లో పంపింది: కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్. పైన జల్లెడలాంటి బుట్ట, దాంట్లోంచి కిందికి దిగి మళ్లీ పైకెక్కే గొట్టం, నీళ్లకు నీలం చుక్కలు, ఉప్పుకు చిన్న చతురస్రాలు. పంక్తులు మరీ దగ్గరగా రాసింది, పై మాట వత్తులు కింది మాట తలకట్లకు తగులుతున్నాయి, గీతల కాగితం సెట్టింగ్‌లో ఎడం ఒక మెట్టు పెంచుకోమని చెప్పాను. వాళ్ల నాన్నగారిది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, కంచిలి వైపు ఊరు, ఆ ఇంట్లో డయాలసిస్ అన్న మాట తెలియనివాళ్లు లేరు, అర్థమైనవాళ్లు మాత్రం తక్కువ. ఆ సాయంత్రం మా అక్క తన పక్కన కూర్చుని తెర మీద వేలు పెట్టి ఆ గొట్టం వెంట కిందికీ పైకీ వెళ్లిందట. చివరికి వేలు ఆపి అడిగిందట: "అయితే ఇది పాడైపోతే, ఈ చుక్కలన్నీ ఎక్కడికి పోతాయే?"